పూలలోయకు త్రోవను నిర్ణయింపవలసిన దెవరు?

గతమాసమున గుంటూరు జిల్లానుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. వచ్చు శ్రావణమాసమున వారి కుటుంబము బదరీయాత్రకు బోవుచున్నదట. అత్తగారికి 62 ఏండ్లు, కుమార్తెకు పదియేండ్లు. బదరీనాథమునకు బోవు త్రోవలోనే యున్న పూలలోయను, దానికి ప్రక్కనే మిన్నంటియున్న హేమకుండమును గూడ చూచి రావలెనని భర్తగారి కోరిక. అందులకు చేతిలో నున్నవి నాలుగు దినములు మాత్రమే. "ఏది చూడవచ్చును, ఏది విడువవచ్చును? మా వారి నడిగిన, లోకులందఱు నడిచినట్లే మనమును నడువగలమనుచున్నారు. మా అత్తగారి నడిగిన, మీ యిష్టమే నా యిష్టమనుచున్నారు. నాకు మాత్రము భయముగా నున్నది" అని ఆ సోదరి వ్రాసిరి.

ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. ఏటేట మన తెలుగునాటినుండి వేలకొలది కుటుంబములు బదరికి బోవుచున్నవి. అందు గొందఱు త్రోవలో గోవిందఘాట్ వద్ద దిగి, వీపుల సంచులు తగిలించుకొని, పూలలోయకు నడచుచున్నారు. కావున ఈ మాసము మన శీర్షికయందు ఆ పర్వతోద్యానమును గూర్చియు, అందలి త్రోవల నెన్నుకొను విధమును గూర్చియు ముచ్చటింతము. ఆ త్రోవలలో నొకదానియందు మేమే యొక పొరపాటు చేసితిమి గనుక ఆ కథయు దాచక చెప్పెదము.

ముందుగా స్థలమెఱుంగని వారికి నాలుగు మాటలు. ఉత్తరాఖండ రాష్ట్రమున చమోలీ జిల్లాలో, అలకనందకు తూర్పున, భ్యూండార్ లోయపైభాగమున ఈ ఉద్యానమున్నది. హిందీవారు దీనిని 'ఫూలోం కీ ఘాటీ' యందురు. 1931వ సంవత్సరమున ఫ్రాంక్ స్మైత్ అను ఆంగ్లేయుడు తన మిత్రులతో గామెట్ శిఖరమెక్కి దిగివచ్చుచు, పొగమంచులో దారిమరలి ఈ లోయలో నడుగిడెను. 1937లో నాతడు మరల వచ్చి, ఇందలి మొక్కలను సేకరించి, మఱుసటియేట నొక గ్రంథము వ్రాసెను. దానితో ఈ లోయ పేరు లోకమంతట బ్రాకెను. అయితే అక్కడి పల్లెవారికిది యేనాడును క్రొత్తది కాదు. తరతరములుగా వేసవిలో వారు తమ గొఱ్ఱెలను, పశువులను ఇచ్చట మేపుకొనెడివారు. 1982లో దీనిని జాతీయోద్యానముగా బ్రకటించిరి. విస్తీర్ణము 87.5 చదరపు కిలోమీటర్లు. 2005లో నందాదేవి ఉద్యానముతో గలిపి దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా యునెస్కో అంగీకరించినది. సుమారు 500 జాతుల పూమొక్కలు ఇచ్చట గలవు. ఏటేట జూను 1వ తేదినుండి అక్టోబరు 31వ తేదివఱకు మాత్రమే ద్వారము తెఱచియుండును. తక్కిన మాసములు మంచుపాలు.

ఇక నిర్ణయముల మాట. మొదటి నిర్ణయము త్రోవను గూర్చినది కాదు, మాసమును గూర్చినది. పూలలోయకు బోవువారు సాధారణముగా రెండు కోరికలతో బయలుదేరుదురు: నేలనిండ బూలు, నింగినిండ వెండికొండలు. ఈ రెండును ఒక్కసారి లభించుట అరుదు. పూలను బూయించునది వాన. కొండలను గప్పివేయునదియు ఆ వానయే. జూలై నడుమనుండి ఆగస్టు నడిమివఱకు పూలు మిక్కుటముగా నుండును. కాని యా దినములలో శిఖరములు మేఘములలో మునిగి, గడియకొకమాఱైనను దర్శనమిచ్చునో లేదో. జూనులో మంచు కరగుచుండును. తొలిపూలు మాత్రమే తలయెత్తును. సెప్టెంబరు గడచినచో పూలు వాడి విత్తులు గట్టును, ఆకులు బంగారువన్నె దాల్చును, ఆకాశము నిర్మలమగును; అప్పుడు లోయతలయందున్న రతబన్ శిఖరము చక్కగా గానవచ్చును. కావున పూలా, శిఖరములా యను ప్రశ్నకు ఇంటనే సమాధానము చెప్పుకొనుడు. శ్రావణమున బోయి "కొండలు కానరాలేదు" అని చింతించుట, మల్లెల కాలమున మామిడిపూత కొఱకు వెదకుట వంటిది.

శ్రావణమున బోవువారికి మఱియొక హెచ్చరిక. ఆ మాసములలో ఋషికేశమునుండి పైకి బోవు రహదారిపై కొండచరియలు విఱిగిపడుట సామాన్యము. 2013 జూనులో వచ్చిన వరద ఈ లోయత్రోవలను, వంతెనలను, భ్యూండార్ గ్రామమునందలి యిండ్లను గూడ ధ్వంసము చేసినది; కాలిబాట కొంతభాగము ఏటికావలి యొడ్డున క్రొత్తగా వేయవలసివచ్చినది. ఒకటి రెండు దినములు చేతిలో నదనముగా నుంచుకొనక, రైలుకో విమానమునకో బిగియగట్టి ప్రయాణమేర్పఱచుకొనువారు ఈ యాత్రకు దగరు. త్రోవ మూసిరన్న ఆగవలెను, ఆగుటకు దినములుండవలెను.

రెండవ నిర్ణయము త్రోవలను గూర్చినది. గోవిందఘాట్ సుమారు 6,000 అడుగుల యెత్తున నున్నది. అచ్చటినుండి పుల్నా గ్రామమువఱకు నాలుగు కిలోమీటర్లు జీపుపై బోవచ్చును. పుల్నానుండి ఘాంఘరియాకు దాదాపు పది కిలోమీటర్లు ఎక్కుడు. త్రోవ వెడల్పైనది; ఱాళ్ళు పఱచినది; టీదుకాణములు నడుమ నడుమ గలవు; నడువలేనివారికి కంచరగాడిదలు, డోలీలు, వీపున బుట్ట గట్టుకొని మోయు కూలీలు దొరకుదురు. ఘాంఘరియా 10,000 అడుగుల యెత్తు. రాత్రి బస అక్కడనే. దానికి పైన నెచ్చటను రాత్రి నిలువనీయరు. ఘాంఘరియా దాటగానే త్రోవ రెండుగా జీలును. ఎడమది పూలలోయకు, కుడిది హేమకుండమునకు. ఆ చీలికయొద్ద నిలిచి యాలోచించుట ఆలస్యమగును, ఇంటియొద్దనే యాలోచింపవలెను.

ఎడమ త్రోవ సంగతి. ద్వారమునొద్ద చీటి తీసికొని లోనికి బోగానే అడవి. కొంతదూరము దిగి, పుష్పావతీనదిపై వంతెన దాటి, అచ్చటినుండి భూర్జవృక్షముల నడుమ నిటారుగా నెక్కవలెను. పూర్వులు గ్రంథములు వ్రాసికొన్న భూర్జపత్రము ఈ చెట్టు బెరడే. కాగితమువలె పొరలుపొరలుగా లేచియున్న ఆ బెరడును జూచి ఆనందింపుడు, ఒలువకుడు. కష్టమంతయు ఈ భాగముననే యున్నది. ఘాంఘరియానుండి మూడు నాలుగు కిలోమీటర్లు నడచునప్పటికి చెట్లు తొలగి, లోయ యొక్కసారిగా విప్పుకొనును. అటుపిమ్మట నేల యించుమించు సమతలము. ఎంతదూరము నడచిన నంత. ఇదియే ఈ త్రోవయందలి గొప్ప సుగుణము: ఇచ్చట శిఖరము లేదు, కొస లేదు, చేరి తీరవలసిన చోటు లేదు. తొలి పచ్చికయొద్ద గూర్చున్నవారును లోయను జూచినవారే. లోపలికి గుఱ్ఱములను గాడిదలను రానీయరు. నడువలేనివారిని బుట్టకూలీలు మోసికొనిపోవుదురు. సాయంకాలమునకు ముందే అందఱును వెలుపలికి రావలెను.

లోయలో మఱికొంతదూరము బోయినచో నొక సమాధి గలదు. జోన్ మార్గరెట్ లెగ్గి యను ఆంగ్లదేశపు వనిత 1939లో మొక్కలను సేకరించుటకై యొంటరిగా నిచ్చటికి వచ్చి, జూలై 4వ తేదిని ఱాతిపైనుండి జాఱిపడి మరణించెను. అప్పటికామెకు 54 ఏండ్లు. తరువాత ఆమె సోదరి వచ్చి ఆ సమాధిఫలకమును నిలిపెను. పూలు చుట్టుముట్టిన ఆ ఱాయియొద్ద నిలుచునపుడు, తడిసిన ఱాతిపై కాలుమోపుటకు ముందు రెండుమాఱులు చూచుకొనవలెనని ఎవరును చెప్పకయే తెలియును.

కుడి త్రోవ సంగతి వేఱు. హేమకుండము సిక్కులకు పవిత్రస్థలము. సరస్సు గట్టున గురుద్వారమును, లక్ష్మణుని చిన్న గుడియు గలవు. ఆఱు కిలోమీటర్లలోనే దాదాపు 4,000 అడుగులు ఎక్కవలెను. సరస్సు 14,000 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. కొసను అడ్డత్రోవగా వేయికిబైగా మెట్లు గలవు. పైన యాత్రికులకు వేడి టీయు కిచిడీయు ఆదరముతో బెట్టుదురు. ఆగస్టు సెప్టెంబరులలో బ్రహ్మకమలములు ఆ త్రోవప్రక్కనే పూయును. చూడదగిన చోటు, సందేహము లేదు. కాని యిది పూలలోయకు దోబుట్టువు కాదు. అచ్చట మన మెంత నడచిన నంతయే యాత్ర. ఇచ్చట కొస చేరినగాని యాత్ర కాదని మనసు తొందరపెట్టుచుండును. ఆ తొందరయే ప్రమాదము.

ఇప్పుడు మా కథ. 2019 శ్రావణమాసమున మేము, మా అన్నగారు, వదినగారు, వారి కుమారుడు, నలుగురము బయలుదేరితిమి. వదినగారికి అప్పటికి 56 ఏండ్లు. ఇంట దినమంతయు నిలువుకాళ్ళపై నుండు మనిషి. నడకకు వెఱచునది కాదు. జోషీమఠమున నొక రాత్రియుండి, మఱునాడు పుల్నానుండి నడచి, సాయంకాలమునకు ఘాంఘరియా చేరితిమి. అన్నగారు "కష్టమైనదానిని ముందు ముగింతము, సులభమైనది తరువాత చూతము" అనిరి. ఆ మాట మాకందఱికిని సబబుగనే తోచినది. వంటింటిలోనైనను, లెక్కలలోనైనను మంచిదైన ఆ సూత్రము కొండపై విషమని మాకప్పుడు తెలియదు. ఒక్క దినమున 6,000 నుండి 10,000 అడుగులకెక్కి, మఱునాటి తెల్లవాఱుజామునే 14,000 అడుగులకు బయలుదేరితిమి.

మూడు కిలోమీటర్లు నడచునప్పటికి వదినగారు వెనుకబడిరి. "వదినా, ఎట్లున్నది?" అని యడిగితిమి. "ఏమియు లేదమ్మా, మెల్లగా వచ్చుచున్నాను, మీరు నడువుడు" అనిరి. మఱికొంత దూరము నడచితిమి. టీదుకాణముముందు ఆమె బల్లపై గూలబడి, త్రాగిన నీరంతయు వాంతి చేసికొనిరి. లేవనెత్తబోగా కాళ్ళు తడబడినవి. అన్నగారు కంగారుపడి "కొంచెమే యున్నది, కంచరగాడిదను మాట్లాడెదను, పైకిబోయి విశ్రాంతి తీసికొనవచ్చును" అనిరి. దుకాణపు ముసలివాడు చేయి యడ్డముపెట్టి, "గాడిదపై గూర్చున్నను గాలి యదియే గదా తల్లీ! క్రిందికి దీసికొనిపొండు, ఇప్పుడే" యనెను. ఆ యొక్కమాట మా కన్నులు తెఱపించినది. కూలీ బుట్టలో గూర్చుండబెట్టి, నలుగురమును దిగివచ్చితిమి. మధ్యాహ్నమునకు తలనొప్పి సగము తగ్గినది. మఱునాటి ఉదయమునకు తేఱుకొనిరి.

ఆ సాయంకాలము ఆమె మంచమునొద్ద గూర్చుండి "ఎప్పటినుండి తలనొప్పి, వదినా?" యని యడిగితిమి. "రాత్రినుండియే. నిదుర పట్టలేదు. చెప్పినచో మీరందఱును నా కొఱకు ఆగిపోవుదురు. ఇంతదూరము వచ్చి, ఇంత సొమ్ము పోసి, నా మూలమున..." అని ఊరకుండిరి. సోదరీమణులారా, ఆ మాట విన్నప్పుడు మాకు కలిగిన సిగ్గు ఇంతింత కాదు. ఆ రాత్రి ఆమె ప్రక్కమీద నిటునటు దొరలుచుండుట మేము వినియే యుంటిమి. "చలికాబోలు" ననుకొని కంబళి సవరించుకొని నిదురించితిమి. అడుగలేదు. చెప్పకపోవుట ఆమె తప్పైనచో, అడుగకపోవుట మా తప్పు. ఆమె తప్పునకు ముప్పదియేండ్ల అలవాటు కారణమని చెప్పవచ్చును. మా తప్పునకు ఏ సాకును లేదు.

ఈ జబ్బు సంగతి స్త్రీలు ముఖ్యముగా నెఱుంగవలెను. సముద్రతీరమున నొక శ్వాసలో మనకు నూఱుపాళ్ళు ప్రాణవాయువు లభించుననుకొన్నచో, 10,000 అడుగుల యెత్తున సుమారు డెబ్బది పాళ్ళును, 14,000 అడుగులపైన సుమారు అఱువది పాళ్ళును మాత్రమే లభించును. శరీరము దీనికి అలవాటుపడగలదు. కాని దానికి దినములు గావలెను. అలవాటుపడకముందే పైకెక్కినవారికి తలనొప్పి, వికారము, ఆకలిలేమి, కన్ను తిరుగుట, నిదుర పట్టకుండుట కలుగును. బలశాలికి రాదనియు బలహీనునికి వచ్చుననియు నియమము లేదు. పరుగెత్తి యెక్కిన యువకులు పడిపోవుటయు, మెల్లగా నడచిన ముదుసళ్ళు క్షేమముగా బోవుటయు కలదు. ఈ లక్షణములు కనబడినచో ఆనాడు ఇంకను పైకెక్కరాదు. అవి హెచ్చినచో, నడక తడబడినచో, మాట తొట్రుపడినచో, కూర్చున్నప్పుడును ఆయాసము తగ్గకున్నచో, రాత్రియైనను పగలైనను క్రిందికి దిగవలెను. దిగుటకు మించిన మందు లేదు. ముందుగా వేసికొను మాత్రలు గలవు గాని, వానిని వైద్యుని యడిగియే తీసికొనవలెను.

మన స్త్రీలకు మఱి రెండు చిక్కులు గలవు. మొదటిది రక్తహీనత. ప్రాణవాయువును మోయునది రక్తమునందలి ఎఱుపే గనుక, అది తక్కువైనవారికి పైన ఆయాసము హెచ్చు. బయలుదేరుటకు రెండు మూడు నెలలముందే రక్తపరీక్ష చేయించుకొని, లోపమున్నచో వైద్యునిచే సరిచేయించుకొనుడు. గుండెజబ్బు, ఉబ్బసము, అధిక రక్తపుపోటు గలవారును ముందుగానే యడుగవలెను. రెండవది చెప్పుటకు మొగమాటమైనను చెప్పక తప్పదు. త్రోవలో చాటుస్థలము దొరకదను భయమున మన స్త్రీలు నీరు త్రాగుట మానుదురు. ఇది మిక్కిలి హానికరము. కొండగాలి పొడిది, శ్వాసతోనే నీరు హరించుకొనిపోవును, తలనొప్పి హెచ్చును. పుల్నానుండి ఘాంఘరియాకు బోవు త్రోవయందు మఱుగుదొడ్లు గలవు. లోయలోనికి బోవుటకు ముందు ఘాంఘరియాలోనే ఆ పని చూచుకొని, గుక్కెడు గుక్కెడుగా దినమంతయు నీరు త్రాగుడు. ఇద్దఱు మువ్వురు స్త్రీలు కలిసి నడచినచో నొకరికొకరు శాలువ చాటు పట్టుకొనవచ్చును. ఇందు సిగ్గుపడవలసినదేమియు లేదు.

మరల మా కథ. ఒక దినము విశ్రమించి, ఆ మఱునాడు పూలలోయకు బయలుదేరితిమి. ఈసారి అన్నగారే ముందుగా "త్రోవ నీది. నీవెక్కడ చాలునన్న నక్కడనే ఆగెదము" అని వదినగారితో ననిరి. ఆమె మొదట నవ్వి, "నాకేమి తెలియును?" అనిరి. ఆయన బదులు చెప్పక ఆమె వెనుక నడచిరి. వంతెన దాటి, భూర్జవనమెక్కి, తొలి పచ్చికయొద్దకు వచ్చునప్పటికి ఆమె యొక చదునైన ఱాతిపై గూర్చుండి, "ఇక్కడ చాలును" అనిరి. మా యెఱుకలో ఆమె తన కొఱకై "చాలును" అని చెప్పుట అదియే మొదటిసారి.

సన్నని తుంపర పడుచున్నది. కనుచూపుమేర గులాబివన్నె పూలు. చూడగా మన పెరటిలోని కాశీతుమ్మ జాతియే, కాని మనిషియెత్తు! ప్రక్కన పాముపడగవలె నిలిచిన పూమొక్కయొకటి, అది మన కందకు చేమకు చుట్టమట. ఱాళ్ళసందున లేతనీలపు పూవొకటి, గసగసాల కుటుంబమునకు జెందినది. వదినగారు ఒక్కొక్కదానికి "ఇది మా అమ్మ పెరటిలో నుండెడిది, ఇది దాని అక్క" అని వరుసలు గలుపుచుండగా గంటకాలము గడచినది. అన్నగారును మేనల్లుడును సమాధివఱకు బోయివచ్చిరి. వారు తిరిగివచ్చు వేళకు మేఘమొకింత తొలగి, ఎదుటికొండ నడుము మీదుగా తెల్లని జలధార యొకటి కనబడి, మరల మూసికొన్నది. వారు దానిని జూడలేదు, మేమిద్దఱమును జూచితిమి. దూరము నడచినవారికే దృశ్యములు దొరకునన్న నియమము కొండలకు లేదు.

ఇంక సామగ్రిని గూర్చి క్లుప్తముగా. అరుగని అడుగుగల బూట్లు, ఇంటియొద్ద నెలదినములు తొడిగి నడచినవి, క్రొత్తవి వలదు. చీరకంటె సల్వారో పంట్లామో మేలు. వానలో తడిసిన చీరకుచ్చెళ్ళు మెట్లపై కాలికడ్డుపడును. వానకోటు, ఊతకఱ్ఱ, ఒక ఉన్ని పైట, రెండు జతల మేజోళ్ళు, పొడిగా నుంచుటకు ప్లాస్టిక్ సంచిలో జుట్టిన మారుబట్టలు. తినుటకు వేరుసెనగ ఉండలు, ఖర్జూరములు, అటుకులు. ఊరగాయ సీసాలు మోయకుడు. వెంట దెచ్చిన ప్రతి కాగితమును వెంటనే తిరిగి తీసికొనిపొండు. పూవు కోయకుడు. బ్రహ్మకమలమును గూడ దేవునిపేరు చెప్పి పెఱుకకుడు. స్థానికులకు దాని కొక కాలమును నియమమును గలవు, మనకు లేవు.

నడువలేనివారిని ఘాంఘరియాలో గదియందు విడిచిపోవుట మాకు సమ్మతము కాదు. వారికి వేఱు త్రోవలు గలవు. బదరికి మూడు కిలోమీటర్ల పైననున్న మాణా గ్రామమువఱకు బండి బోవును. అచ్చట సరస్వతీనది ఱాళ్ళనడుమ గర్జించుచు దూకుటను, దానిపై భీముడు వేసెనని చెప్పుకొను ఱాతివంతెనను కొలది నడకతోనే చూడవచ్చును. అచ్చటినుండి వసుధారా జలపాతమునకు ఐదాఱు కిలోమీటర్ల త్రోవ గలదు, అది దమ్ముగలవారికి. శిఖరములను గోరువారు అక్టోబరులో జోషీమఠమునకు పైనున్న ఔలీకి రహదారిపై బండిలోనే బోయి, నిర్మలమైన ఉదయమున 25,643 అడుగుల నందాదేవిని కూర్చున్నచోటినుండియే చూడవచ్చును. 2023 జనవరిలో జోషీమఠమున నేల క్రుంగి యిండ్లు బీటలువాఱిన పిమ్మట అచ్చటి తీగమార్గము ఆగిపోయినది; కావున దానిని నమ్ముకొని ఏర్పాటు చేసికొనకుడు.

ఆ జోషీమఠమునుండియే ధౌలీగంగవెంట పైకి బోయినచో రైణీ యను గ్రామము గలదు. 1974 మార్చి 26వ తేదిని కాంట్రాక్టరు మనుష్యులు చెట్లు నఱకుటకు వచ్చినపుడు ఊరి పురుషులు ఊరలేరు. గౌరాదేవి యను వితంతువు ఇరువదియేడుగురు స్త్రీలను వెంటబెట్టుకొని అడవికిబోయి చెట్లకడ్డముగా నిలిచి, నఱకువారిని మరలించినది. పురుషులు వచ్చి నిర్ణయింపనిమ్మని వారు కూర్చుండలేదు. 2021 ఫిబ్రవరి 7వ తేదిని ఋషిగంగలో వచ్చిన ఉప్పెన ఆ గ్రామమును గాయపఱచినది. అయినను ఆ దినమునాటి స్త్రీల పేరు ఆ కొండలలో నేటికిని చెప్పుకొనుచున్నారు. ఆ కొండలకు బోవు మనము, కనీసము మన తలనొప్పిని మనము నోటితో చెప్పుకొనలేమా?

జాబు వ్రాసిన సోదరికి మా సలహా యిది. ముందు బదరికి బొండు. అది 10,000 అడుగులకు మించిన యెత్తు. మొదటి దినమున మీరే పరుగులు పెట్టక, అచ్చట రెండు రాత్రులుండుడు. మీ శరీరములు గాలికి అలవాటుపడును. మాణాను అత్తగారితో గూడ చూడుడు. పిమ్మట గోవిందఘాట్‌నకు దిగి, నెమ్మదిగా ఘాంఘరియా చేరుడు. అత్తగారికి కంచరగాడిదనో డోలీనో మాట్లాడుడు. మఱునాడు పూలలోయ, హేమకుండము కాదు. అత్తగారు తొలి పచ్చికవఱకు నడచినను, బుట్టలో వచ్చినను సరియే. పాప ఆమెకు తోడుండును. మూడవనాడు మీ వారికి హేమకుండముపై కోరికయున్నచో, ఒంట్లో బాగున్నవారు తెల్లవాఱుజామున బోయి, ఎక్కడనున్నను మధ్యాహ్నము కాకముందే వెనుకకు మరలవలెనని ముందే ఒప్పందము చేసికొనుడు. అత్తగారును పాపయు క్రిందనే యుందురు. వారికి తోడుగా నొకరుండవలెను, ఆ యొకరు ప్రతిసారియు కోడలే కానక్కఱలేదు. నాలుగవ దినము తిరుగుప్రయాణమునకు, వాన యడ్డుపడినచో నిలువనుటకు.

మఱియు ప్రతిరాత్రి భోజనమైన పిమ్మట అందఱును ఒకచోట గూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొనుడు. తల నొచ్చుచున్నదా? అన్నము సయించినదా? రాత్రి నిదుర పట్టినదా? చిన్నవారితో నారంభించి పెద్దవారివఱకు ఒక్కొక్కరిని పేరుపెట్టి యడుగుడు. "అందఱును బాగున్నారు గదా?" యని గుంపుగా నడిగినచో మన యాడువారు తల యూపుదురే గాని నిజము చెప్పరు. చెప్పినవారిని విసుగుకొనకుడు. "నీ మూలమున ఆగిపోయితిమి" అను మాట ఆ యాత్రలో నెవరినోటను రాకూడదని బండియెక్కకముందే ఒట్టు పెట్టుకొనుడు.

మా వదినగారు హేమకుండము చూడలేదు. ఇప్పుడును ఎవరైన నడిగినచో "నేను సగము త్రోవనుండి వచ్చితిని" అని ఆమెయే చెప్పుదురు. ఆ చెప్పుటలో చిన్నతనము లేదు. పూలలోయను గూర్చి యడిగినచో మాత్రము ఆ ఱాతిని, ఆ కాశీతుమ్మలను, ఆ జలధారను వర్ణించి, చివర "అంతవఱకు చాలునని నేనే యంటిని" అందురు. సోదరి తన యాత్రనుండి తిరిగివచ్చిన పిమ్మట, అత్తగారు ఎక్కడ చాలుననిరో మాకు వ్రాయ గోరుచున్నాము.